పొగ మానదలచినవారికి మన ప్రభుత్వం చూపిన దారి ఏది? – ఈ-సిగరెట్ నిషేధంపై చర్చ

అత్తాపూర్ వాసి (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో ఎదురైన ఒక చిన్న చిక్కుతో మొదలుపెట్టి, దాని వెనుక ఉన్న ప్రభుత్వ విధానం గురించి మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

మా బావగారు పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉంటున్నారు. కాలేజీ రోజుల్లో అంటుకున్న సిగరెట్‌ను ఆయన ఎన్ని ఉగాదులకు మానేశారో, ఎన్ని దసరాలకు మళ్లీ ముట్టించారో మా అక్కే చెప్పాలి. రెండేళ్ల కిందట అక్కడి స్థానిక పాలక మండలి నడిపే పొగ మాన్పించే కేంద్రంలో పేరు నమోదు చేసుకుంటే, వారు ఒక ఈ-సిగరెట్ పరికరాన్నీ (నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చేది) కొన్ని వారాలకు సరిపడే ద్రవాన్నీ ఉచితంగా ఇచ్చి, వారం వారం ఫోన్ చేసి పలకరించారట. ఇంగ్లండులో పది లక్షల మంది పొగతాగేవారికి ఇలా పరికరాలు ఇస్తామని 2023లో అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది. ఆనాటి నుంచి బావగారు సిగరెట్ ముట్టలేదు.

ఇప్పుడు మా చెల్లెలి పెళ్లికి ఆయన మూడు వారాలు హైదరాబాద్ వస్తున్నారు. ఆ పరికరం వెంట తెచ్చుకోవచ్చా అని నన్ను అడిగారు. వద్దని చెప్పవలసి వచ్చింది. అంటే అక్కడి ప్రభుత్వం వైద్యంలో భాగంగా చేతికిచ్చిన వస్తువు ఇక్కడ నేరపు సరుకు, ఆయన ఏ వస్తువు నుంచి తప్పించుకున్నారో అది మాత్రం మా వీధి చివర పాన్ డబ్బాలో విడిగా ఒక్కటొక్కటిగా కూడా దొరుకుతుంది. ఈ రెండింటినీ ఒకే ఆరోగ్య విధానం కింద ఎలా సమర్థించుకోవాలో నాకు అర్థం కావడం లేదు.

కృష్ణలంక వకీలు

ముందు చట్టం ఏమంటున్నదో చూద్దాం. ఈ-సిగరెట్లను నిషేధిస్తూ కేంద్రం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు తెచ్చింది, అదే ఏడాది డిసెంబరులో దాని స్థానంలో చట్టం వచ్చింది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన, ఇవన్నీ నిషిద్ధమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. మళ్లీ అదే నేరం చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా ఉంటాయి. నిల్వ ఉంచుకున్నందుకు ఆరు నెలల జైలు, యాభై వేల జరిమానా వేరుగా ఉన్నాయి. సిగరెట్ ఆకారంలో ఉండే పరికరాలకే ఇది పరిమితం కాదు, పొగాకును కాల్చకుండా వేడిచేసే పరికరాలూ, ఈ-హుక్కాలూ నిర్వచనంలోనే ఉన్నాయి.

ఒక విశేషం గమనించండి. పీల్చడాన్ని ఈ చట్టం నేరంగా పేర్కొనలేదు. అయితే దిగుమతి చేయకుండా, రవాణా చేయకుండా, దగ్గర ఉంచుకోకుండా పీల్చడం ఎలాగన్నది యోగులకే తెలియాలి. సొంత వాడకానికి తెచ్చుకునేవారికి ప్రత్యేక మినహాయింపు కూడా ఇవ్వలేదు కనుక మీరు బావగారికి చెప్పిన మాట సరైనదే.

సిగరెట్ సంగతికి వస్తే అది 2003 నాటి సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం (కోట్పా) కింద నియంత్రిత వస్తువు మాత్రమే. పెట్టెపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి, పద్దెనిమిదేళ్లు నిండనివారికి అమ్మరాదు, బడికి వంద గజాల లోపు అమ్మరాదు. పాత ప్రమాదానికి నియంత్రణ, కొత్త ప్రమాదానికి నిషేధం అన్నది మన శాసనకర్తల లెక్క. దానిలో ఒక తర్కం లేకపోలేదు. కోట్లమందికి అలవాటైనదాన్ని ఒక్క రాత్రిలో నిషేధించలేము, ఇంకా వేళ్లూనని దాన్ని ఆపగలం.

బడిపంతులు

ఆ తర్కమే నాకు నచ్చుతున్నది. ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్న మనిషిగా ఈ నిషేధాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

నిరుడు పదో తరగతి విద్యార్థి సంచిలో ఒక కలం దొరికింది. కలం అనే అనుకున్నాను, మామిడిపండు వాసన వస్తున్నదేమిటని చేతిలోకి తీసుకుని చూస్తే అది ఈ-సిగరెట్. చట్టం ఉండగానే ఇది జరిగింది. చట్టమే లేకుంటే ఏమయ్యేదో అమెరికాను చూసి తెలుసుకోవచ్చు. అక్కడ 2019లో ఉన్నత పాఠశాల విద్యార్థుల్లో 27.5 శాతం మంది ఈ-సిగరెట్ వాడుతున్నట్టు వారి జాతీయ సర్వేలోనే తేలింది. వీరిలో ఎంతమంది సిగరెట్ మానడం కోసం దాన్ని పట్టుకున్నారు? పదిహేనేళ్ల పిల్లవాడికి మానవలసిన సిగరెట్ ఏముంటుంది? మన భారత వైద్య పరిశోధన మండలి 2019 మే నెలలో వెలువరించిన శ్వేతపత్రంలో సంపూర్ణ నిషేధాన్ని సిఫారసు చేసినప్పుడు చూపిన ప్రధాన కారణాల్లో ఇదీ ఒకటి.

ఇంగ్లండు కూడా ఒకసారి వాడి పారేసే ఈ-సిగరెట్ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. పరికరాలను ఉచితంగా పంచిన దేశమే పిల్లల విషయంలో ఇలా వెనకడుగు వేస్తున్నప్పుడు, తనిఖీ వ్యవస్థ అంతంతమాత్రంగా ఉన్న మనం ముందడుగు వేయడం వివేకమేనా?

అత్తాపూర్ వాసి

పంతులుగారూ, మీ ఆందోళనను తేలికగా తీసుకోవడం లేదు. కానీ మీరు చెప్పిన అమెరికాలోనే 2024 నాటికి ఆ సంఖ్య 7.8 శాతానికి తగ్గింది, అదీ సంపూర్ణ నిషేధం లేకుండానే. మరొక మాట. మీ విద్యార్థి సంచిలో ఆ కలం దొరికింది నిషేధం వచ్చిన తరువాతనే కదా. వయసు అడగని, సరుకులో ఏముందో తెలియని దొంగ అంగడివాడే ఇప్పుడు ఆ పిల్లవాడికి దిక్కయ్యాడు.

శ్వాస (ఊపిరితిత్తుల వైద్యురాలు, కర్నూలు)

ఆలస్యంగా చేరుతున్నాను, ఓపీ ముగిసేసరికి ఈ వేళయింది. రెండు వైపుల వాదనలోనూ కొంత నిజం, కొంత పొరపాటు కనిపిస్తున్నాయి కనుక కాస్త విపులంగా రాస్తాను.

మనిషిని సిగరెట్‌కు కట్టిపడేసేది నికోటిన్. ప్రాణం తీసేది మాత్రం ప్రధానంగా పొగ. ఆకు మండినప్పుడు పుట్టే పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలు ఉంటాయి, వాటిలో దాదాపు డెబ్బై క్యాన్సర్ కారకాలు. తారు, కార్బన్ మోనాక్సైడ్ ఈ మంట నుంచే వస్తాయి. ఈ-సిగరెట్‌లో మంట లేదు కనుక ఈ విషాల్లో చాలావరకు ఉండవు, లేదా బాగా తక్కువగా ఉంటాయి. ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ 2015లో చెప్పిన "95 శాతం తక్కువ హాని" అన్న అంకె చాలా ప్రచారం పొందింది. అది ప్రయోగశాలలో కొలిచిన అంకె కాదు, నిపుణుల అంచనా. కొంతమంది దాన్ని గట్టిగా విమర్శించారు కూడా. తక్కువ హాని అన్నంతవరకు నాకు సందేహం లేదు, ఎంత తక్కువ అన్నదాన్ని దశాంశాలతో చెప్పేవారిని మాత్రం నమ్మను. ముప్పై ఏళ్లు ఆ ఆవిరి పీల్చిన ఊపిరితిత్తులను ఇంకా ఎవరూ చూడలేదు.

మానడానికి పనికివస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి సాక్ష్యం బాగానే ఉంది. బ్రిటన్‌లో 886 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఏడాది తరువాత చూస్తే ఈ-సిగరెట్ తీసుకున్నవారిలో 18 శాతం, నమిలే నికోటిన్ బంక, చర్మానికి అంటించే పట్టీ వంటివి తీసుకున్నవారిలో 9.9 శాతం సిగరెట్‌కు దూరంగా ఉన్నారు. అదే పరీక్షలో ఇంకొక విషయం తేలింది, దాన్ని ఈ-సిగరెట్ పక్షం వారు తరచూ చెప్పరు. ఈ-సిగరెట్‌తో మానినవారిలో 80 శాతం మంది ఏడాది తరువాత కూడా ఆ ఈ-సిగరెట్‌ను వదల్లేదు, బంక, పట్టీల వర్గంలో మానినవారిలో 9 శాతం మంది మాత్రమే వాటిని ఇంకా వాడుతున్నారు. పొగ పోయింది, బానిసత్వం మిగిలింది. వైద్యురాలిగా నేను ఈ బేరాన్ని తప్పనను, కానీ అది బేరమేనని రోగికి ముందే చెబుతాను.

ఇక మన నిషేధం వచ్చిన సమయాన్ని గుర్తు చేసుకోండి. అప్పుడే అమెరికాలో ఈ-సిగరెట్ వాడినవారికి ఊపిరితిత్తులు ఒక్కసారిగా దెబ్బతిని మరణిస్తున్న వార్తలు వస్తున్నాయి. 2020 ఫిబ్రవరి నాటికి 68 మరణాలు లెక్కకు వచ్చాయి. చాలావరకు గంజాయి సారంలో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ అనే నూనె పదార్థమే దానికి కారణమని తరువాత బలమైన ఆధారాలు దొరికాయి. ఆ సరుకులో ఎక్కువ భాగం దొంగచాటుగా వచ్చినదే. ఆ వార్తల నుంచి మనం నేర్చుకున్నదేమిటంటే, మొత్తం వస్తువునే దొంగచాటు సరుకుగా మార్చడం.

అయినా నా ఓపీలో ఈ చర్చకు చోటు ఎంత అని నన్ను అడిగితే, చాలా తక్కువ అంటాను. 2016–17 నాటి జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన వయోజనుల్లో సిగరెట్ తాగేవారు 4 శాతం, బీడీ తాగేవారు 7.7 శాతం, పొగలేని పొగాకు వాడేవారు 21.4 శాతం. బ్రిటన్ విధానం సిగరెట్ దేశం కోసం పుట్టింది. నా దగ్గరకు వచ్చేది రోజుకు రెండు కట్టల బీడీ తాగే హమాలీ. ఆయనకు ఛార్జింగ్ పెట్టుకునే పరికరం గురించి చెప్పనా?

సందేహి

డాక్టరుగారూ, పొగే విషమన్నారు కనుక అడుగుతున్నాను. స్వీడన్‌లో పొగలేని పొగాకు వాడి సిగరెట్లు మానేశారని, అక్కడి మగవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని చదివాను. మరి మన ఖైనీ, గుట్కా కూడా పొగలేనివే కదా. బీడీ తాగేవాడిని ఖైనీకి మార్చడం కూడా హాని తగ్గించడమే అవుతుందా?

శ్వాస

కాదు. ఈ ప్రశ్న అడిగినందుకు మాత్రం కృతజ్ఞతలు, ఎందుకంటే సగం తెలిసినవారు చేసే ప్రమాదకరమైన పొరపాటు ఇదే.

స్వీడన్‌వారు పై పెదవి కింద పెట్టుకునే స్నస్ అనే పొగాకును పులియబెట్టరు, ఆవిరితో వేడిచేసి సూక్ష్మజీవులను చంపుతారు, చల్లని పెట్టెలో నిల్వ చేస్తారు. అందువల్ల అందులో నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలు తక్కువగా ఉంటాయి. ఐరోపా సమాఖ్య 1992లో స్నస్ అమ్మకాన్ని నిషేధించింది, 1995లో సమాఖ్యలో చేరినప్పుడు స్వీడన్ తన మటుకు మినహాయింపు తెచ్చుకుంది. ఇప్పుడు అక్కడ రోజూ పొగతాగేవారు ఆరు శాతానికి మించరు.

మన ఖైనీలో ఆకును సున్నంతో నలుపుతారు. ఆ సున్నం నికోటిన్‌ను త్వరగా నెత్తురులోకి దించుతుంది, బుగ్గ లోపలి పొరను కాలుస్తుంది. గుట్కాలో పైగా వక్క ఉంటుంది. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. నోరు రెండు వేళ్ల మేర కూడా తెరుచుకోని ఇరవై ఏళ్ల కుర్రవాళ్లను మా దంత వైద్య విభాగం వారు వారం వారం చూస్తున్నారు. స్వీడన్ అంకెలను తెచ్చి ఖైనీకి అంటించడం, పెరుగన్నం చలవ కనుక పులిసిన కల్లు కూడా చలవేనని చెప్పడం లాంటిది.

యారా తీరం (మెల్‌బోర్న్)

ఇక్కడి అనుభవం చెబితే రెండు పక్షాలకూ పనికివస్తుందనుకుంటున్నాను. ఆస్ట్రేలియా మధ్యేమార్గం వెతికింది. నికోటిన్ ఉన్న ఈ-సిగరెట్ కావాలంటే వైద్యుని చీటీ తప్పనిసరి అని 2021 అక్టోబరు నుంచి నియమం పెట్టారు. ఎవరూ పెద్దగా పాటించలేదు. చీటీ కోసం వైద్యుని దగ్గరకు వెళ్లే ఓపిక ఉన్నవాడు ఎంతమంది, వీధి మలుపులో మిఠాయి రంగుల డబ్బా కొనుక్కునేవాడు ఎంతమంది? 2024 జనవరి 1న వాడి పారేసే రకాల దిగుమతిని ఆపారు. జూలై 1 నుంచి ఏ రకమైనా సరే మందుల దుకాణంలో తప్ప ఎక్కడా అమ్మరాదన్నారు. అక్టోబరు నుంచి పద్దెనిమిదేళ్లు నిండినవారికి చీటీ లేకుండానే ఫార్మసిస్టు ఇవ్వవచ్చన్నారు. రుచులు పొగాకు, పుదీనా, మెంథాల్ మాత్రమే. కాగితం మీద చూస్తే ఇంతకంటే చక్కని విధానం ఉండదు. కానీ పెద్ద ఫార్మసీ సంస్థలు కొన్ని మేము ఇది అమ్మబోమని ముందే చెప్పేశాయి.

ఇదే సమయంలో సుంకాలు పెరిగి పెరిగి ఇరవై సిగరెట్ల పెట్టె నలభై డాలర్లకు చేరింది. ఫలితంగా దొంగ సిగరెట్లు, దొంగ ఈ-సిగరెట్లు ఒకే ముఠాల చేతికి వచ్చాయి. 2023 మార్చి నుంచి మా విక్టోరియా రాష్ట్రంలో పొగాకు దుకాణాలకు నిప్పు పెట్టిన సంఘటనలు వందకు పైగా జరిగాయి. మేమున్న వీధికి రెండు వీధుల అవతల ఒక దుకాణం కాలిపోయిన తెల్లవారి నేను స్వయంగా చూశాను.

పక్కనే ఉన్న న్యూజిలాండ్ 2020లో వేరే దారి పట్టింది. ఈ-సిగరెట్‌ను చట్టబద్ధం చేసి, ప్రకటనలు ఆపి, అమ్మకానికి నియమాలు పెట్టింది. 2011–12లో రోజూ పొగతాగే వయోజనులు 16 శాతానికి పైగా ఉండగా, 2023–24 నాటికి 7 శాతం లోపుకు వచ్చారు. ఈ తగ్గుదల అంతా ఈ-సిగరెట్ పుణ్యమేనని అనలేము, సిగరెట్ ధరలు కూడా అదే కాలంలో బాగా పెరిగాయి. పిల్లల్లో ఈ-సిగరెట్ వాడకం పెరిగి, వారు కూడా 2025 జూన్‌లో వాడి పారేసే రకాలను ఆపవలసి వచ్చింది. పంతులుగారి భయం అక్కడ నిజమైంది, అత్తాపూర్ వాసి గారి ఆశ కూడా అక్కడే నిజమైంది.

నాగావళి

వైద్యురాలుగారు "సిగరెట్ దేశం" అన్న మాట నన్ను మా నాయనమ్మ దగ్గరకు తీసుకువెళ్లింది. మా శ్రీకాకుళం వైపు పల్లెల్లో ఆడవాళ్లు చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగేవారు. అడ్డపొగ అంటాం. గాలికీ వానకీ చుట్ట ఆరిపోదని, పొలంలో పని చేస్తూ చేతులతో పట్టుకోకుండానే తాగవచ్చని చెప్పేవారు. దాని వల్ల అంగిలి కాలి, కొందరికి అక్కడే క్యాన్సర్ వచ్చేది.

నేను ఈ సంగతి చెప్పడానికి కారణం ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్, మా శ్రీకాకుళం జిల్లాల్లో వేలాది మంది పొగాకు వాడేవారిని ఏళ్ల తరబడి ఇంటింటికీ వెళ్లి పరీక్షించారు. నోటిలో వచ్చిన మచ్చను చూపించి, మానమని ఓపికగా చెప్పారు. మందు లేదు, పరికరం లేదు. అయినా చెప్పించుకున్నవారిలో మానినవారు పెరిగారు, క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గాయి. ఈ చర్చలో ఇంతవరకు అందరూ ఏ వస్తువు ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు అంటున్నారు. ఇంటికి వచ్చి నోరు చూసే మనిషిని ఇవ్వడం గురించి కూడా విధానంలో ఒక వాక్యం ఉండాలి కదా. ఇవాళ ప్రతి ఊళ్లోనూ ఆశా కార్యకర్త ఉన్నారు.

తునికాకు (జగిత్యాల)

మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చేసింది. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు, పక్కన దారపు ఉండ. మేము బడి నుంచి వచ్చి కట్టలు కట్టేవాళ్లం. ఆమె ఒక్క బీడీ తాగలేదు, కానీ తంబాకు ధూళితో దగ్గు మాత్రం తాగేవాళ్లకు తీసిపోకుండా వచ్చింది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి వైపు ఇది ఇంటింటి కథ.

హాని తక్కువ వస్తువు, ఎక్కువ వస్తువు అని ప్రభుత్వం నిజంగా బేరీజు వేస్తే పన్నులో అది కనిపించాలి. బీడీ పొగ సిగరెట్ పొగ కంటే మెత్తనిదేమీ కాదు. అయినా 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్, గుట్కాలను 40 శాతం రేటులోకి చేర్చాలని నిర్ణయిస్తూ, బీడీని 28 నుంచి 18కి తగ్గించాలని, బీడీ చుట్టే తునికాకును 5 శాతానికి దించాలని తీర్మానించింది. ఎందుకంటే బీడీ వెనుక మా అమ్మ లాంటి ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు. నేను దీన్ని తప్పుపట్టలేను, ఒప్పుకోనూ లేను. మా అమ్మకు వచ్చే 2,016 రూపాయల ఆసరా పింఛనుతో మందులు కొంటున్నాం, ఆ మందులు దగ్గుకే.

బీడీ ధర పెంచి తాగేవాడి చేత మాన్పించండి, కానీ దానికంటే ముందు చేసేవాళ్లకు వేరే పని చూపించండి. మిషన్ కుట్టు శిక్షణ అని ఏళ్ల నుంచి వింటున్నాం. శిక్షణ అయ్యాక కుట్టించుకునేవాళ్లు ఎవరన్నది ఎవరూ చెప్పలేదు.

బ్యారన్ పక్కన (ప్రకాశం జిల్లా)

పొగాకు పండించేవాడి మాట కూడా వినండి. మాది నాలుగు తరాలుగా వర్జీనియా పొగాకు. ఆరోగ్య శాఖ మానమంటుంది. వాణిజ్య శాఖ కింద గుంటూరులో 1976 నుంచి పనిచేస్తున్న పొగాకు బోర్డు మా బ్యారన్లను, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్లను, నమోదు చేసి, ఎంత పండించాలో చెప్పి, వేలం నడిపిస్తుంది. ప్రభుత్వ ఆధీనంలోని జీవిత బీమా సంస్థకు దేశంలోని అతిపెద్ద సిగరెట్ కంపెనీలో సుమారు 15 శాతం వాటా ఉంది. ఎడమ చేయి వద్దన్నదాన్ని కుడి చేయి లెక్కపెట్టుకుంటున్నది.

మీలో చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. విదేశాల్లో మందుల కంపెనీలు బంకలోనూ పట్టీలోనూ వాడే నికోటిన్ కూడా పొగాకు నుంచే తీస్తారు. నికోటిన్ తీసి ఎగుమతి చేసే పరిశ్రమ మన దేశంలో పెద్దదే ఉంది. దానికి వేలంలో అందంగా కనిపించే పసుపు ఆకు అక్కరలేదు, తుక్కు ఆకు, ధూళి కూడా పనికివస్తాయి. మేము పండించినదాని సారం సీమ దేశంలో పొగ మాన్పించే మందుగా వెళుతున్నది, ఇక్కడి మనుషులకు మాత్రం చుట్టగానే మిగులుతున్నది.

2025లో హెచ్‌డీ బర్లీ రకం ఆకును కొనేవాడు లేక రాష్ట్ర ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించవలసి వచ్చింది. రైతు ఈ పంట నుంచి బయటపడాలని అనుకోవడం లేదని ఎవరైనా అంటే ఆ వేసవి మా ఊరు రాలేదని అర్థం. కానీ శనగ వేస్తే ఏమవుతుందో కూడా మాకు తెలుసు. సిగరెట్ తాగేవాడికి ప్రత్యామ్నాయం అంటున్నారు. పండించేవాడి ప్రత్యామ్నాయం సంగతి వచ్చేసరికి చర్చ ముగుస్తుంది.

బడిపంతులు

రైతు సోదరుని మాటలు, జగిత్యాల మిత్రుని మాటలు చదివాక నా వాదనను కొంత సవరించుకుంటున్నాను. పూర్తిగా కాదు. మెల్‌బోర్న్ అనుభవం చూశాక, చీటీ విధానం పెట్టి వదిలేస్తే మన దగ్గర కూడా అదే జరుగుతుందన్న భయం పెరిగింది. గుట్కాను ఏళ్లుగా నిషేధిస్తూ, ఆ నిషేధాన్ని పొడిగిస్తూ వస్తున్నాం, మా బడి గోడ పక్క ఖాళీ పొట్లాలు ఊడ్పించేది మాత్రం నేనే. వంద గజాల నియమాన్ని అమలు చేయలేని యంత్రాంగం చేతికి పండ్ల రుచుల పరికరాలను నియంత్రించే బాధ్యత అప్పగించడానికి నాకు ధైర్యం చాలడం లేదు. అయితే నలభై ఏళ్లు దాటిన సిగరెట్ మనిషికి ఏమీ ఇవ్వకుండా మానమంటే న్యాయం కాదని ఒప్పుకుంటున్నాను. ఆ వయసువారికి మాత్రమే ఆసుపత్రి ద్వారా ఇచ్చే ఏర్పాటుకు చట్టంలో వీలుందా, వకీలుగారూ?

కృష్ణలంక వకీలు

సన్నని దారి ఒకటి ఉంది. 1940 నాటి మందులు, సౌందర్య సాధనాల చట్టం కింద లైసెన్సు పొందిన ఉత్పత్తి ఈ-సిగరెట్ నిర్వచనంలోకి రాదని 2019 చట్టమే చెబుతున్నది. అంటే ఎవరైనా తమ పరికరాన్ని మందుగా పరీక్షలకు పెట్టి, సురక్షితమని, పనిచేస్తుందని ఔషధ నియంత్రణ సంస్థను ఒప్పించగలిగితే, పార్లమెంటు చట్టాన్ని సవరించకుండానే ఆసుపత్రి ద్వారా ఇచ్చే అవకాశం సిద్ధాంతంలో ఉంది. కానీ అలాంటి పరీక్షలకు అయ్యే ఖర్చు భరించి, మిఠాయి రుచులు వదులుకుని, వైద్యుని ద్వారా మాత్రమే అమ్ముకుంటానని ముందుకు వచ్చే కంపెనీ ఉంటుందా అన్నది అనుమానమే. బ్రిటన్‌లోనూ అవి వినియోగ వస్తువులుగానే అమ్ముడవుతున్నాయి.

నికోటిన్ బంకకు మాత్రం ఆ దారి ఇదివరకే తెరిచి ఉంది. 2 మిల్లీగ్రాముల బిళ్లలకు చీటీ అక్కరలేదు, అంతకు మించినవాటికి కావాలి.

శ్వాస

వకీలుగారు చివర చెప్పినదే నా అసలు ఫిర్యాదు. బంక, పట్టీ వంటి నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్స ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో 2009 నుంచి ఉంది, మన జాతీయ జాబితాలోకి 2022లో వచ్చింది. జాబితాలో ఉన్నంత మాత్రాన ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు బీరువాలోకి రాదు. రోజుకు ఎనిమిది, పది బిళ్లలు మూడు నెలలు నమలాలి, ఆ ఖర్చు రెండు కట్టల బీడీ ఖర్చు కంటే ఎక్కువ. హమాలీ ఏది కొంటాడు? ప్రభుత్వం ఈ-సిగరెట్‌ను నిషేధించడం తప్పా ఒప్పా అని ఇంకో పదేళ్లు వాదించుకోవచ్చు, ఈలోగా బంకనూ పట్టీనీ బీపీ మాత్రల్లా ఉచితంగా ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డురాదు. నిషేధం సంతకంతో అయిపోతుంది, ఇది బడ్జెట్‌తో గానీ కాదు, అందుకే ఒకటి జరిగింది, ఇంకొకటి జరగలేదు.

అత్తాపూర్ వాసి

బావగారితో మాట్లాడాను. పరికరం లీడ్స్‌లోనే వదిలి, నికోటిన్ పట్టీలు తెచ్చుకుంటానన్నారు, బంక ఇక్కడ కొంటారట. ఇదివరకు ఒకసారి బంక నమిలితే గొంతు మండి, ఎక్కిళ్లు వచ్చి, అరగంటలో ఉమ్మేసి సిగరెట్ వెలిగించుకున్నారని మా అక్క భయపడుతున్నది. డాక్టరుగారూ, దానికి ఏమైనా పద్ధతి ఉందా?

శ్వాస

ఉంది. చాలామంది దాన్ని చూయింగ్ గమ్‌లా ఆపకుండా నములుతారు, నికోటిన్ అంతా ఉమ్మితో పొట్టలోకి పోయి ఎక్కిళ్లూ మంటా వస్తాయి. మెల్లగా నమలాలి. నోట్లో చురుక్కుమని కారంగా తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఒక నిమిషం ఉంచాలి. ఆ కారం తగ్గాక మళ్లీ నాలుగైదు సార్లు నమిలి, ఈసారి రెండో వైపు ఉంచాలి. అలా అరగంట సాగాలి. నమలడానికి పావుగంట ముందు నుంచి కాఫీ, టీ, శీతల పానీయాలు వద్దు. అవి నోటిలో పులుపు పెంచి నికోటిన్‌ను లోపలికి పోనివ్వవు. పెళ్లిలో మగపెళ్లివారితో టిఫిన్ తరువాత అందరూ కలిసి బయటికి వెళ్లే వేళ ఒకటి ఉంటుంది చూడండి, దానికి అరగంట ముందే కాఫీ ముగించమనండి. బంక దొరకని ఊరైతే 1800-11-2356కు ఫోన్ చేయమనండి, జాతీయ పొగాకు విరమణ సహాయవాణి అది, పిలిచినందుకు ఖర్చేమీ కాదు.